మీకు ఏ పదిహేను రోజులు పూలు కావాలి? వరంగల్ ఇంటి ముందు గునుగు, జనుము, తుమ్మి, వామింట, విష్ణుక్రాంతల్లో ఏది ఎంచుకోవాలి

హనుమకొండలో మా ఇంటి గేటుకీ వరండాకీ మధ్య పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున మట్టి జాగా ఉంది. అందులో ఏం వేయాలన్న దాని మీద ఇంట్లో మూడు పార్టీలు. అత్తమ్మకి బతుకమ్మకి పనికొచ్చే పూలు కావాలి. పాపకి సీతాకోకచిలుకలు రావాలి. నాకేమో ఫోన్లో చూసిన ఎడారి పూల మీద మనసు. నాలుగు చినుకులు పడితే చాలు, బండరాళ్ల మధ్య నుంచి కొండంతా పసుపు, నారింజ రంగు పరిచేస్తాయే, అవి.

మొదటి ఏడాది, అంటే 2024లో, అందరి మాటా నెగ్గాలని అన్ని గింజలూ కలిపి చల్లాను. మట్టి పేదగా ఉందని రెండు బస్తాల వర్మీకంపోస్ట్ కూడా వేశాను. గునుగు నా భుజం దాకా పెరిగింది. నిండా ఆకే తప్ప పువ్వు లేదు. ఆగస్టులో వచ్చిన ఒక ముసురుకి మొత్తం గేటు మీదికి వాలిపోయింది. "గునుగును ఎవలన్న ఎరువేసి పెంచుతరా బిడ్డా? దాన్ని పీకెయ్యలేక మేం సచ్చినం పత్తి చేన్ల" అని అత్తమ్మ నవ్వింది.

2025లో ఎరువు మానేశాను, కానీ ఇంకో తప్పు చేశాను. అంతకుముందు ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ (పండుగ మొదటి రోజు) అక్టోబర్ 2న వచ్చింది కదా అని, అదే లెక్కన తీరిగ్గా జులై 20కి విత్తాను. ఆ ఏడాది ఎంగిలిపూలు సెప్టెంబర్ 21నే వచ్చేశాయి. మడిలో గునుగు కంకి అప్పటికి సగం వేలంత కూడా లేదు. మార్కెట్‌కి వెళ్లి కట్టలు కొన్నాం. దసరా నాటికి మాత్రం మడి తెల్లగా విరగబూసింది. చూసినవాళ్లంతా బాగుందన్నారు, నాకే ఒళ్లు మండింది.

అప్పుడు అర్థమైంది. ఈ వానాకాలపు పూలలో ఏది అందంగా ఉంటుందని అడగడం కన్నా, ఏ పదిహేను రోజులకి నాకు పూలు కావాలని అడగడం మేలు. బంతి, చామంతి అయితే మొగ్గ తుంచి, నీళ్లు తగ్గించి, ఎరువు పెంచి కొంత మన దారికి తెచ్చుకోవచ్చు. ఇవి అట్లా వినవు. వాన పడగానే మొలవడం, నేల ఆరేలోపు పూసి గింజ పెట్టి ఎండిపోవడం, అంతే వీటి బతుకు. ఎడారి పూలదీ ఇదే పద్ధతి. కాకపోతే మనకి ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది, మిగతా ఏడాది నేల ఎండిపోయి ఉంటుంది. అందుకే మన చెల్క (ఎర్ర ఇసుక) నేలల్లో కూడా ఎడారి అలవాట్లున్న మొక్కలు స్థిరపడ్డాయి.

## ముందు నాలుగు ప్రశ్నలు

ఎప్పటికి కావాలి? వినాయక చవితికా, బతుకమ్మకా, లేక పండుగతో పనిలేకుండా వానాకాలమంతా పలచగా పూస్తే చాలా? ఈ ఒక్కటి తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. పండుగ తేదీలు ఏటా పదకొండు రోజులు ముందుకి జరుగుతాయి, అధిక మాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి పోతాయి. ఎంగిలిపూలు 2023లో అక్టోబర్ 14, 2024లో అక్టోబర్ 2, 2025లో సెప్టెంబర్ 21. 2026 అధిక జ్యేష్ఠం ఉన్న ఏడాది కాబట్టి మళ్లీ అక్టోబర్ 10. అంటే రెండు వరుస ఏళ్ల మధ్య దాదాపు మూడు వారాల తేడా కూడా రావచ్చు. పోయినేడు ఎప్పుడు విత్తామో చూసి విత్తితే నాకు అయినట్టే అవుతుంది.

మీ నేల ఏంటి? ఊళ్లో అయితే చెల్క, దుబ్బ (ఇసుక నేల), రేగడి అని చెప్పేస్తాం. టౌన్లో కొత్త ఇళ్లలో ఉండేది ఇవేవీ కాదు, ప్లాటు ఎత్తు పెంచడానికి ట్రాక్టర్లతో తోలిన మొరం. పైన రెండు ఇంచుల మట్టి, కింద గడ్డపార దిగని ఎర్రరాయి. గులాబీకి అది శాపం. ఇక్కడ చెప్పే మొక్కల్లో ఒకదానికి మాత్రం అదే పుట్టిల్లు.

రాలిన గింజని భరించగలరా? దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఏడాదిలో చచ్చిపోయే మొక్క వేల గింజలు రాల్చి పోతుంది. మరుసటి ఏడు అవి మీరు చెప్పిన చోటే మొలవవు. గచ్చు పగుళ్లలో, పక్కవాళ్ల తులసి కుండీలో, డ్రైనేజీ అంచున కూడా మొలుస్తాయి.

పూయని రోజుల్లో చూడగలరా? నవంబర్ నుంచి జూన్ దాకా ఆ జాగా ఎండు పుల్లలతోనో, ఉత్త మట్టితోనో ఉంటుంది. "ఏందమ్మా, ఇంటి ముందర చెత్త పెంచుతున్నవ్" అనే మాట పడాల్సి ఉంటుంది. అది పడనివాళ్లు గేటు ముందు కాకుండా ఇంటి వెనకో, డాబా మీద కుండీల్లోనో వేసుకోవడం మేలు.

నీళ్లని నేను ప్రశ్నగా పెట్టలేదు. ఈ వానాకాలపు పూలన్నింటికీ జవాబు ఒకటే: వానల మధ్య పది రోజులు గ్యాప్ వచ్చి ఆకు వాలితే తప్ప పోయొద్దు.

## ఒక్క చూపులో

రోజులన్నీ మా మడిలో, మా డాబా మీద నేను లెక్కపెట్టుకున్నవి. మీ దగ్గర వారం అటూ ఇటూ అవుతుంది. కార్తెల్లో మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22, పునర్వసు జులై 6, పుష్యమి జులై 20 ప్రాంతంలో మొదలవుతాయి.

| మొక్క | విత్తే కాలం | పూతకి పట్టే రోజులు | ఎత్తు | నచ్చే నేల | గింజ రాలడం |
|---|---|---|---|---|---|
| గునుగు | మృగశిర నుంచి పునర్వసు కార్తె, పండుగ తేదీని బట్టి | 75–90 | 2–4 అడుగులు | చెల్క, మొరం కలిసిన మట్టి | చాలా ఎక్కువ |
| జనుము | ఆరుద్ర నుంచి పుష్యమి | 50–65 | 5–7 అడుగులు | నీరు నిలవకపోతే ఏదైనా | తక్కువ |
| తుమ్మి | మృగశిర, ఆరుద్ర | 50–60 | అడుగు, అడుగున్నర | చెల్క, దుబ్బ | ఎక్కువ |
| కుక్క వామింట | మృగశిర నుంచి పుష్యమి | 35–45 | 2–3 అడుగులు | ఏదైనా | చాలా ఎక్కువ |
| విష్ణుక్రాంత | తొలకరి | 60 దాటాక, మెల్లగా | నేల మీద పాకుతుంది | మొరం, గులకరాళ్లు | తక్కువ |
| ప్యాకెట్ ఎడారి పూలు | నవంబర్ | 60–90 | అడుగు | సగం ఇసుక ఉన్న కుండీ | మా దగ్గర మళ్లీ మొలవలేదు |

## గునుగు: తేదీ పట్టుకోగలిగితే దీన్ని మించింది లేదు

బతుకమ్మ పేర్చేవాళ్లకి గునుగు గురించి చెప్పక్కర్లేదు. తెల్లటి కంకి, చివరన లేత గులాబీ. కోసిన పువ్వుని వేలితో నిమిరితే కాగితంలా గరగరలాడుతుంది. అందుకే ముందు రోజు కోసి పెట్టినా వాడదు, రంగు నీళ్లలో ముంచి తీస్తే రంగు పట్టుకుంటుంది. ముందు రోజే పూలు తెచ్చి పెట్టుకుంటారు కాబట్టే మొదటి రోజుని ఎంగిలిపూలు అంటారని మా అత్తమ్మ చెప్పే మాట. ఆ పద్ధతికి గునుగులాగా సరిపోయే పువ్వు ఇంకోటి లేదు.

పూత రావడానికి 85 రోజులు అనుకుని పండుగ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సెప్టెంబర్ 21కి కావాలంటే జూన్ 28. అక్టోబర్ 2కి అయితే జులై 9. అక్టోబర్ 10కి జులై 17. తేదీ దగ్గర డౌట్ ఉంటే ముందుకే జరపండి. కంకి కింది నుంచి పైకి పూసుకుంటూ వారాల తరబడి పొడుగు సాగుతుంది కాబట్టి పదిరోజులు ముందు పూసినా పెద్ద నష్టం లేదు. వెనకబడితే మాత్రం పండుగ దాటిపోతుంది. పగటిపూట తగ్గేకొద్దీ గునుగు పూతకి తొందరపడుతుంది. అందుకని ఆలస్యంగా విత్తిన మొక్క మోకాలెత్తులోనే పూసేస్తుంది. చిన్న కుండీలవాళ్లకి ఇది ఒకరకంగా మంచిదే.

గింజ ఆవగింజ కన్నా చిన్నది, నల్లగా నున్నగా మెరుస్తుంది. గుప్పెడు పొడి ఇసుకలో చిటికెడు గింజ కలిపి చల్లి, అరచేత్తో అలా తట్టండి చాలు. లోతుగా పూడిస్తే రాదు. చీమలు ఎత్తుకెళ్తాయి, అంచు చుట్టూ కాస్త బూడిద చల్లండి. మొలిచాక అసలు పని ఉంది: మొక్కకీ మొక్కకీ జానెడు, వీలైతే అడుగు ఎడం ఉండేలా పీకేయాలి. ఈ పీకడం దగ్గరే నాలాంటివాళ్లకి చేతులు రావు. కానీ ఒత్తుగా వదిలేస్తే అన్నీ పుల్లల్లా సన్నగా పెరిగి ఒకదాని మీద ఒకటి పడతాయి. పీకిన లేత మొక్కలు వృథా ఏం కావు, గునుగు కూర వండుకోవచ్చు. పప్పులో వేస్తే తోటకూర లాగే ఉంటుంది.

ఎరువు వద్దు. మళ్లీ చెప్తున్నా, వద్దు. మరీ మొరం అయితే ఒక తట్ట పాత పశువుల ఎరువు కలిపి ఆపేయండి.

ఇక గింజ రాలే సంగతి. రైతుకి ఇది పత్తి, మక్క చేలలో మొండి కలుపు. మీ ఇంటి పక్కన సాగు భూమి ఉంటే గునుగు వేసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పండుగకి కంకులు కోసేసుకుంటే గింజ బెడద చాలా తగ్గుతుంది, మిగిలినవాటిని కార్తీకం దాటకుండా కోసి సంచిలో కట్టేయండి. ఎండిన మొక్కల్ని ఖాళీ ప్లాటులోకి విసిరేస్తే మరుసటి ఏడు ఆ ప్లాటు మీ పేరు చెప్పుకుంటుంది.

## జనుము: ఒక్క వరుస చాలు

పొలంలో పచ్చిరొట్ట ఎరువు కోసం వేసి, 45 రోజులకి పూత మొదలయ్యే వేళకి దున్నేస్తారు కాబట్టి, జనుము నిండా పూస్తే ఎలా ఉంటుందో చూసినవాళ్లు తక్కువ. దున్నకుండా ఇంకో రెండు వారాలు ఉంచండి. ప్రతి కొమ్మ చివరా పసుపు రంగు గుత్తులు, కందిపువ్వుని పెద్దది చేసినట్టు ఉంటాయి. ప్రహరీ పక్కన ఒక వరుస వేస్తే కర్టెన్ కట్టినట్టు ఉంటుంది. గాలికి వాలకుండా రెండు గుంజలు పాతి ఒక తాడు లాగండి.

దీని కోసం వచ్చేది నల్లటి పెద్ద తుమ్మెద. మధ్యాహ్నం వరండాలో కూర్చుంటే దాని జుంజుం లోపలికి వినపడుతుంది. పువ్వు మీద వాలగానే కింది రెక్క దాని బరువుకి వంగుతుంది, లోపలి పుప్పొడి దాని పొట్టకి అంటుకుంటుంది. చిన్న తేనెటీగ బరువు అందుకు చాలదు. తుమ్మెదలు రాని చోట పూలు బాగానే ఉంటాయి గానీ కాయ పట్టడం తక్కువ. చారల సీతాకోకచిలుకలు కూడా జనుము దగ్గరికి వస్తాయి, తేనె కోసమే కాదు. ఈ జాతి మొక్కల ఆకుల్లో, కాయల్లో ఉండే చేదు రసాయనాలని మగ సీతాకోకలు పీల్చుకుంటాయి. పిట్టలు తమని తినకుండా వాటికి అదే రక్ష.

ఆ చేదే మనకి జాగ్రత్త. ఎండిన జనుము కాయ ఊపితే గలగలమంటుంది, పిల్లలు గిలక్కాయ అనుకుని నోట్లో పెట్టుకుంటారు. గింజలు విషం. రెండేళ్ల పిల్లలున్న ఇంట్లో కాయ పచ్చిగా ఉన్నప్పుడే కోసేయండి.

పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకీ ఇది మంచి మార్కులే తెచ్చుకుంటుంది. గింజ పెద్దది కాబట్టి ఎక్కడ పడిందో కనపడుతుంది, వేరు బుడిపెల వల్ల నేలకి నత్రజని అందుతుంది, పూత అయ్యాక నరికి అక్కడే పరిచేస్తే వచ్చే ఏటి మట్టి బాగుపడుతుంది. అన్నట్టు, ఆ బాగుపడిన మట్టిలో మరుసటి ఏడు గునుగు వేయకండి, మళ్లీ నా 2024 కథే.

విత్తనం ఎరువుల దుకాణాల్లో దొరుకుతుంది, కాకపోతే కిలోల్లో అమ్ముతారు. మీకు కావాల్సింది గుప్పెడు. ఊళ్లో తెలిసిన రైతు ఉంటే అడిగి తెచ్చుకోండి. జీలుగని జనుము అనుకుని తెచ్చుకోకండి, అది మనిషెత్తు పెరిగి చివరికి పాలిపోయిన పూలు ఇస్తుంది.

## తుమ్మి: చవితి వాళ్లది

వినాయక చవితికి తుమ్మికూర వండే ఇళ్లకి వేరే సలహా అక్కర్లేదు. చవితి 2024లో సెప్టెంబర్ 7, 2025లో ఆగస్టు 27. అంటే ఆరుద్ర చివర్లో మొలిచిన తుమ్మి అప్పటికి లేత కొమ్మ తుంచే దశలోనో, పూత మొదట్లోనో ఉంటుంది. ఆకు కావాలంటే పూత రాకముందే తుంచండి, పూశాక చేదు, నార రెండూ పెరుగుతాయి.

పువ్వు చిన్నది, తెల్లది. కాండం చుట్టూ ఒక బంతిలా ముళ్లున్న పచ్చ గిన్నె, దానిలోంచి తెల్ల పెదవులు బయటికి చాచినట్టు. దూరం నుంచి చూస్తే ఏముంది గడ్డి అనిపిస్తుంది. పొద్దున ఎనిమిదింటికి దగ్గర కూర్చుని చూస్తే ఒక్కో గుత్తి మీద చీమ, తేనెటీగ, చిన్న నీలి సీతాకోక వంతులేసుకుని తిరుగుతుంటాయి. మా పాప ఓటు చివరికి దీనికే పడింది.

కుండీలకి ఇదే బెస్ట్. పది ఇంచుల కుండీలో మూడు మొక్కలు హాయిగా ఉంటాయి. గింజని మట్టి పైనే చల్లి వదిలేయండి. ఎండ తగ్గితే సన్నగా పొడుగు సాగి వాలిపోతుంది, నీడ పడే బాల్కనీలో మాత్రం ప్రయత్నించకండి.

## కుక్క వామింట: తొందర ఉన్నవాళ్లకి

జులై చివర్లో గుర్తొచ్చి "ఇప్పుడు వేస్తే ఏమైనా పూస్తుందా" అని అడిగేవాళ్లకి నా జవాబు ఇదే. విత్తిన నెలా పది రోజులకి పసుపు పూలు. పొద్దున విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. మొక్కంతా జిగురు, ఒకరకం ఘాటు వాసన. ఆ వాసనకే వీధి పశువులు పెద్దగా ముట్టవు. గేటు లేని ఇళ్లకి అది చిన్న లాభం కాదు.

నష్టం ఏమిటంటే, కాయ ఎండగానే రెండుగా చీలి ఆవాల్లాంటి గింజల్ని గుమ్మరిస్తుంది. తాజా గింజ వెంటనే మొలవదు, కొన్ని నెలలు నిద్రపోయి వచ్చే వానకి లేస్తుంది. అంటే ఈ ఏడు సరదాకి వేశాం, వచ్చే ఏడు మానేద్దాం అంటే కుదరదు. పీకి ఇంకోచోట నాటడం కూడా కుదరదు, తల్లివేరు తెగితే చచ్చిపోతుంది.

తెల్ల పూల వామింట వేరే. దాని ఆకు కూరకి పనికొస్తుంది, సాయంత్రం విచ్చుకుంటుంది. ఆఫీసు నుంచి చీకటి పడ్డాక ఇంటికి చేరేవాళ్లు పసుపుదాని బదులు దాన్ని వేసుకుంటే కనీసం పువ్వు మొహం చూస్తారు.

## విష్ణుక్రాంత: మొరం మీద నీలం

దీన్ని ఏడాది మొక్క అనడం పూర్తిగా సరికాదు, వేరు బతికి రెండో ఏడు కూడా చిగురించవచ్చు. అయినా ఈ లిస్టులో పెట్టాను, ఎందుకంటే మొరం తోలిన ప్లాటువాళ్లకి మిగతావన్నీ రాజీలు, ఇది ఒక్కటే సొంత మనిషి. గులకరాళ్ల మధ్య నేలకి అంటుకుని పాకుతుంది. పువ్వు చిన్నగోరంత ఉంటుంది, రంగు మాత్రం ముదురు ఆకాశం. మధ్యాహ్నానికి మూసుకుపోతుంది. వినాయకుడి 21 పత్రుల్లో దీనిదీ ఒకటి, చాలా ఇళ్లలో పేరు చదివి వేరే ఏదో ఆకు వేసేస్తారు.

ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోవద్దు. గింజ పెంకు గట్టిది. గరుకు కాగితం మీద రుద్ది, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెడితే కొన్ని మొలుస్తాయి. నాకు పని చేసింది ఇంకోటి: ఎండాకాలంలో, ఊరి చివర ఇది పాకిన చోట, ఆ జాగా వాళ్లని అడిగి దోసెడు పైమట్టి తెచ్చి మా మొరం మీద పలచగా చల్లాను. మొదటి ఏడు మూడు మొక్కలు. ఇప్పుడు మెట్ల పక్కన చాపంత ఉంది.

నర్సరీలో విష్ణుక్రాంత అని ఇచ్చేది చాలాసార్లు ఇది కాదు. అది బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన దీని చుట్టం, పువ్వు కాస్త పెద్దది, నీళ్లు రోజూ అడుగుతుంది.

## మరి అసలు ఎడారి పూలు?

నా పార్టీ సంగతి. ప్యాకెట్ల మీద కనిపించే నారింజ రంగు కాలిఫోర్నియా పాపీ, నీలి ఎడారి గంటపూలు లాంటివి పుట్టిన చోట వాన చలికాలంలో పడుతుంది. సోనోరన్, మొహావీ ఎడారుల్లో చలి మొదట్లో మొలిచి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య పూసి, ఎండలు ముదరకముందే గింజైపోతాయి. మనకి వాన వచ్చేది ఉక్కతో పాటు. జూన్‌లో వేస్తే ఆ గింజ మొలకెత్తే ముందే కుళ్లుతుంది, నేను అదీ చేసి చూశాను.

కావాలంటే దారి ఉంది. దీపావళి దాటి రాత్రులు చల్లబడ్డాక, నవంబర్ రెండో వారంలో, సగం ఇసుక కలిపిన కుండీలో నేరుగా విత్తండి. పాపీకి కూడా తల్లివేరే, నారు పోసి నాటితే రాదు. నీళ్లు మూడు రోజులకోసారి. జనవరి, ఫిబ్రవరిలో పూస్తాయి, మార్చి ఎండ తగలగానే అయిపోతాయి. డాబా మీద నాలుగు కుండీల సరదాకి సరే. మడికి మాత్రం నేను వీటిని లెక్కలోకి తీసుకోను. మళ్లీ మొలవవు, ప్రతి ఏడూ కొనాలి, మన తుమ్మెదలకి వీటితో పరిచయం లేదు.

వాటి నుంచి నేను నేర్చుకున్న పని ఒకటుంది. ఎడారి మొక్కల గింజలన్నీ ఒకే వానకి మొలవవు. మొదటి వాన మోసం చేస్తే జాతే పోతుందని కొన్ని మట్టిలోనే ఆగిపోతాయి. మనకీ తొలకరి తర్వాత పదిహేను రోజులు ఎండ కాయడం మామూలే. అందుకని ఇప్పుడు ఏ గింజైనా ఒకేసారి చల్లకుండా, సగం ముందు కార్తెలో, మిగతా సగం తర్వాతి కార్తెలో చల్లుతున్నా.

## ఎవరికి ఏది

బతుకమ్మే ముఖ్యం అనుకుంటే గునుగు, వెనక ఒక వరుస జనుము. జనుము పసుపు తంగేడు లోటు కొంత తీరుస్తుంది. తంగేడే వేద్దామంటే అది పొద, ఏళ్ల తరబడి ఉంటుంది, పదడుగుల మడిలో మిగతావాటికి చోటు మిగలనివ్వదు. అయినా తంగేడు లేని బతుకమ్మా అంటే నేను వాదించను. అది గేటు బయట, కరెంటు స్తంభం పక్కన వేసుకోండి.

అద్దె ఇల్లు, ఎండ పడే బాల్కనీ, మూడు కుండీలు: తుమ్మి. ఇంటాయన దాన్ని చూసి తులసి జాతి అనుకుని ఊరుకుంటాడు, ఆ మాట నిజానికి అంత తప్పు కూడా కాదు, రెండూ ఒకే కుటుంబం.

కొత్త ఇల్లు, మొరం, వారానికి ఒక్క రోజు టైమ్: విష్ణుక్రాంత, అంచుల్లో గునుగు.

పక్కింటివాళ్లతో గొడవలు పడనివాళ్లు, శుభ్రంగా ఉండాలనుకునేవాళ్లు: జనుము ఒక్కటే. గునుగూ, కుక్క వామింటా మీకు పడవు.

పసిపిల్లలూ మేకలూ ఉన్న ఇల్లు: జనుము తప్ప ఏదైనా. గునుగుకి మేకలంటే దినదిన గండమే, అది వేరే విషయం.

నల్లరేగడి ఉన్నవాళ్లు ఏది వేసినా ముందు మడిని జానెడు ఎత్తు చేసుకోండి. వానకి రెండు రోజులు నీళ్లు నిలిస్తే జనుము పసుపెక్కిపోతుంది.

## కలుపు ఏది, మొక్క ఏది

ఈ మడుల్లో పెద్ద చిక్కు ఇదే. అన్నీ కలుపు మొక్కల్లాగే మొలుస్తాయి, నిజం కలుపూ వాటితోనే మొలుస్తుంది. వయ్యారిభామ ఒక్కదాన్ని మాత్రం మొలకలోనే గుర్తుపట్టి పీకాలి. క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా, నేలకి చక్రంలా పరుచుకుని ఉంటే అదే. చేతికి కవర్ తొడుక్కుని పీకండి, దద్దుర్లు వస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకి దాని పుప్పొడి ఇంకా ప్రమాదం. గునుగు ఆకు చీలదు, కొనదేలి ఉంటుంది, కాండం మీద తరచుగా ఎర్ర జీర కనిపిస్తుంది. తోటకూర, ఉత్తరేణి మొలకలు దానికి దగ్గరగా ఉంటాయి. అనుమానం ఉంటే నాలుగు వారాలు ఆగండి.

చిన్నప్పుడు పలకలు తుడిచిన గడ్డి చామంతి కూడా తప్పకుండా వస్తుంది. దాన్ని మన మొక్కే అనుకుంటాం గానీ అది అమెరికా ఖండం నుంచి వచ్చింది. బంతీ అంతే, మెక్సికో నుంచి. వాటి మీద నాకు కోపం లేదు, మడి అంచున రెండు ఉంటే ఉండనిస్తా. మన ఊరి పూలే పెంచుతున్నామని చెప్పుకునేవాళ్లు లెక్క సరిచూసుకోవాలి, అంతే.

గింజలు కోసేటప్పుడు పొద్దున మంచు ఆరాక కోయండి. గునుగు కంకిని కాగితం మీద పెట్టి తడితే నల్ల గింజలు జారిపడతాయి. తుమ్మి ఎండు బంతుల్ని నలపాలి. వామింట కాయల్ని పసుపు తిరగగానే కోసి కవర్లో ఉంచాలి, లేకపోతే మీకన్నా ముందు అదే విత్తేస్తుంది. రెండు రోజులు నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేయండి. పొట్లం మీద మొక్క పేరు రాస్తే సరిపోదు. కొత్త పంచాంగం రాగానే చవితి, ఎంగిలిపూల తేదీలు చూసి, వెనక్కి లెక్కపెట్టి, విత్తాల్సిన తేదీ దాని మీదే రాయండి. మా డబ్బాలో గునుగు పొట్లం మీద ఆ తేదీ ఇప్పుడు అత్తమ్మ చేతిరాతలో ఉంది.